ప్రశ్న లేచిన ప్రయోగాన్ని పాఠంగా చెప్పడం గురించి

కర్నూలు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. కడపలో బి.ఎడ్. కళాశాలలో సైకాలజీ చెప్పడానికి చేరి నెల తిరగకముందే మంచి ప్రశ్నే ఎదురైంది నీకు. అమెరికాలో యువకులతో ఉత్తుత్తి జైలు నడిపి చూసిన స్టాన్‌ఫోర్డ్ కారాగార ప్రయోగం చెబుతుండగా ఒక అబ్బాయి లేచి, "మేడమ్, అదంతా నాటకమని ఫోన్లో చూశాను, మరి మేమెందుకు చదవాలి?" అని అడిగాడనీ, గంట కొట్టేవరకు తరగతంతా దాని మీదే నడిచిందనీ రాశావు. ఇకమీదట ఆ పాఠం వదిలేయాలా, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పేయాలా అని నన్ను అడిగావు. రెండూ వద్దంటాను. వదిలేస్తే ఆ అబ్బాయి ఫోన్లో చూసిందే చివరి మాట అవుతుంది, ఉన్నది ఉన్నట్టు చెబితే నీ మాట మీద వాళ్లకు గురి పోతుంది.

నల్లబల్ల మీద మూడు గడులు గీయి. ఏం చేశారు అనేది ఒక గడి, ఏం కనబడింది అనేది రెండో గడి, దాన్నిబట్టి ఏమన్నారు అనేది మూడో గడి. ఏ ప్రయోగం చెప్పినా ముందు ఈ మూడింటినీ విడదీసి రాయించు, ఆ తర్వాత వివాదం వీటిలో ఏ గడిని తాకుతోందో పిల్లల చేతే చెప్పించు. మన పాఠ్యపుస్తకాలు సాధారణంగా మూడో గడిలోని మాటను ముందుకు తెచ్చి, మొదటి రెండింటినీ రెండు వాక్యాల్లో తేల్చేస్తాయి కాబట్టి, ఆ ఖాళీని నింపడమే నీ పని అనుకో.

స్టాన్‌ఫోర్డ్ సంగతే తీసుకో. 1971 ఆగస్టులో ఫిలిప్ జింబార్డో బృందం పత్రికా ప్రకటన ఇచ్చి, వచ్చినవారిలో 24 మంది యువకులను ఎంపిక చేసి, రోజుకు 15 డాలర్లు ఇస్తామని చెప్పి, ఎవరు ఖైదీ ఎవరు కాపలాదారు అన్నది యాదృచ్ఛికంగా నిర్ణయించి, విశ్వవిద్యాలయ భవనం నేలమాళిగలో ఉత్తుత్తి జైలు నడిపింది. రెండు వారాలు సాగాల్సినది ఆరు రోజులకే ఆపేశారు. కాపలాదారుల్లో కొందరు క్రూరంగా ప్రవర్తించారు, ఖైదీల్లో కొందరు తట్టుకోలేకపోయారు. పరిస్థితి బలంగా ఉంటే మామూలు మనిషి కూడా తనంతట తానే క్రూరుడవుతాడన్నది దాన్నిబట్టి చెప్పిన మాట. ఇప్పుడు లేచిన ప్రశ్న ఈ మూడో గడి దగ్గర ఆగలేదు, మొదటి గడికే వెళ్లింది. ఖైదీల్లో నిస్సహాయత, భయం కలిగించాలని కాపలాదారులకు ముందే చెప్పిన సంగతీ, జైలు అధికారి పాత్రలో ఉన్న విద్యార్థి మెతకగా ఉన్న కాపలాదారును గట్టిగా ఉండమని ప్రోత్సహించిన సంభాషణా రికార్డుల్లో ఉన్నాయి. చెప్పి చేయించినప్పుడు "తనంతట తానే" అన్న మాట ఎలా నిలుస్తుంది? పైగా పోల్చి చూడడానికి నియంత్రిత సమూహం లేదు. తర్వాత బ్రిటన్‌లో స్టీఫెన్ రైచర్, అలెక్స్ హాస్లమ్ అదే తరహాలో చేసిన అధ్యయనంలో కాపలాదారులు ఒక్కతాటి మీద నిలబడనే లేదు. జింబార్డో మాత్రం 2024లో చనిపోయేదాకా తన ప్రయోగాన్ని సమర్థించుకుంటూనే వచ్చారు. ఇవన్నీ విన్నాక కూడా ఆ అబ్బాయి "నాటకం" అంటే అననీ. అయితే ఏ గడిలో ఏ సంగతి నాటకమో చూపించమను. అంతమంది అనుభవించిన ఆరు రోజులు నాటకం కాదు. అక్కడ ఏం చెప్పి చేయించారు, దాన్నుంచి ఏ సూత్రం లాగారు అన్న దగ్గరే అసలు పేచీ.

పెద్దమనిషి ఆజ్ఞాపిస్తే మామూలు మనుషులు అవతలివారికి కరెంటు షాకులు (నిజానికి ఉత్తుత్తివి) ఎంతదాకా ఇస్తారో చూసిన స్టాన్లీ మిల్‌గ్రామ్ విద్యుదాఘాత ప్రయోగంతో దీన్ని కలిపి ఒకే గాటన కట్టనివ్వకు. 1963లో అచ్చయిన ఆ అధ్యయనంలో 40 మందిలో 26 మంది చివరి 450 వోల్టుల మీట దాకా వెళ్లారు. దాని మీదా విమర్శలున్నాయి గానీ, 2009లో జెర్రీ బర్గర్ 150 వోల్టుల దగ్గర ఆపుతూ మళ్లీ చేసినప్పుడు దాదాపు అలాంటి ఫలితమే వచ్చింది.

కిటీ జెనోవీస్ ఉదంతం ఇంకో రకం. 1964 మార్చిలో న్యూయార్క్‌లో ఒక యువతిని హత్య చేస్తుంటే 38 మంది చూస్తూ ఊరుకున్నారని పత్రికల్లో వచ్చిన కథను మన పుస్తకాలు ఇప్పటికీ అలాగే అచ్చు వేస్తున్నాయి. 2007లో బ్రిటిష్ పరిశోధకులు కోర్టు పత్రాలు తిరగేసి, అంతమంది చూశారనడానికి గానీ, చూసినవాళ్లంతా చేతులు కట్టుకుని కూర్చున్నారనడానికి గానీ ఆధారం లేదని చూపించారు. ఇక్కడ కూలింది ఉదాహరణ మాత్రమే. చుట్టూ జనం ఎక్కువైతే ఒక్కొక్కరు సాయానికి కదలడం తగ్గుతుందని, ఆ వార్త చదివి 1968లో డార్లీ, లాటనే చేసిన ప్రయోగాలు వేరే కాళ్ల మీద నిలబడి ఉన్నాయి. మరో వైపు, మూడు దేశాల నగరాల్లో వీధి కెమెరాల దృశ్యాలు చూసిన ఇటీవలి అధ్యయనంలో పదింట తొమ్మిది గొడవల్లో కనీసం ఒక్కరైనా కల్పించుకున్నట్టు తేలింది. ఈ పాఠం చెప్పేటప్పుడు మన పిల్లలు తప్పకుండా హైవే మీద ప్రమాదాల సంగతి ఎత్తుతారు. ఎవరూ బండి ఆపరు మేడమ్, పోలీసు కేసు మెడకు చుట్టుకుంటుందని భయం అంటారు. వెంటనే తల ఊపి "అదే ఇది" అనేయకు. పదిమంది ఉన్నారులే ఎవరో ఒకరు చూసుకుంటారనుకోవడం ఒకటి, సాక్ష్యానికి తిప్పుతారని వెనక్కి తగ్గడం పూర్తిగా వేరొకటి. మొదటిది మనోవిజ్ఞానం చెప్పిన బాధ్యత పంచుకుపోవడం, రెండోది చట్టం మీది భయం. సాయపడినవారికి 2019లో మోటారు వాహనాల చట్ట సవరణలో రక్షణ కల్పించారన్న సంగతి కూడా చెప్పు, కాబోయే టీచర్లకు అది పనికొచ్చేదే.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ప్రాక్టికల్ రికార్డు. సీనియర్ల రికార్డు తెచ్చుకుని అంకెలు అటూ ఇటూ మార్చి రాసుకోవడం మన వైపు ఎంత మామూలో నీకు చెప్పనక్కర్లేదు. అందువల్లే మన కళాశాలల్లో ఏ ప్రయోగమూ ఇంతవరకు విఫలం కాలేదు! బాణపు మొనల వల్ల సమానమైన గీతలు పొట్టి పొడుగుగా కనిపించే ముల్లర్-లయర్ భ్రమ ప్రతి ఒక్కరికీ ఒకే కొలతలో కనిపిస్తుంది, నేర్చుకున్నది కాలం గడిచేకొద్దీ ఎంత మరచిపోతామో చూపే ఎబ్బింగ్‌హాస్ విస్మృతి వక్రరేఖ ప్రతి రికార్డులోనూ అచ్చు గీసినట్టు దిగుతుంది. ఈ అలవాటు పోనిదే పిల్లలకు పరిశోధనలో వివాదం ఎందుకు వస్తుందో ఎన్ని ఉపన్యాసాలిచ్చినా అర్థం కాదు.

కాబట్టి ఒక్క ప్రయోగమైనా నిజంగా చేయించు. సులువైనది చెబుతాను. కె.సి. కాలువ గురించి ఒక పేజీ పాఠం తయారుచేయి, ముందే దాన్ని ముప్పై చిన్న అంశాలుగా విడగొట్టి నీ దగ్గర ఉంచుకో. అందరి చేతా ఒకసారి చదివించు. తర్వాత సగం మంది దాన్నే మళ్లీ చదవాలి, మిగతా సగం పాఠం మూసి గుర్తున్నదంతా తెల్లకాగితం మీద రాయాలి. ఎవరు ఏ సగంలో అన్నది బెంచీలనుబట్టి విడదీయకు, ఎందుకంటే మన తరగతుల్లో ఆడపిల్లలు ఒక వైపు, మగపిల్లలు ఒక వైపు, ఇంగ్లీషు మీడియం నుంచి వచ్చినవాళ్లు ముందు వరుసల్లో కూర్చుంటారు, బెంచీలనుబట్టి విడదీస్తే నువ్వు కొలిచేది మరేదో అవుతుంది. చీటీలు తీయించు. ఒక వారం తర్వాత చెప్పకుండా అందరి చేతా రాయించి, ఎవరిది ఏ సమూహమో తెలియని ఇద్దరి చేత దిద్దించు. ఇద్దరి మార్కులూ తేడా వచ్చిన చోట ఎందుకు వచ్చిందో తరగతిలోనే మాట్లాడించు, అంశం వచ్చిందా రాలేదా అన్న చిన్న నిర్ణయంలో కూడా ఎంత సందు ఉంటుందో అప్పుడు కళ్లకు కడుతుంది. ఫలితం చూపించే ముందు ఏ సమూహానికి ఎక్కువ వస్తాయో చేతులెత్తించు. చాలామంది మళ్లీ చదివినవాళ్లకే ఎత్తుతారు. 2006లో రోడిగర్, కార్పికి చేసిన అధ్యయనంలో ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లది పైచేయి అయింది, వారం తర్వాత పెడితే గుర్తు చేసుకుని రాసినవాళ్లది పైచేయి అయింది.

నీ తరగతిలో అది రాకపోవచ్చు. యాభై మందిలో పది మంది ఆ రోజు రాకపోయినా, ఎవరో కాలువ గట్టునే పుట్టి పెరిగినవాళ్లున్నా అంకెలు తారుమారవుతాయి. వచ్చిన అంకెలనే రికార్డులో రాయించు, బయటి పరీక్షకుడు (ఎక్స్‌టర్నల్) వచ్చి అడిగితే ఆ అంకెలు ఎందుకలా వచ్చాయో చెప్పగలిగేలా తయారుచేయి. 2015లో వంద అధ్యయనాలను మళ్లీ చేసి చూసిన లెక్క పిల్లలకు చెప్పాల్సింది అప్పుడే, అంతకుముందు కాదు. పేరున్న పత్రికల్లో వచ్చిన 100 మనోవిజ్ఞాన అధ్యయనాలను వేరేవాళ్లు మళ్లీ చేసి చూస్తే, మొదట 97 శాతం అధ్యయనాల్లో గణాంకపరంగా నిలబడిన ఫలితం రెండోసారి 36 శాతంలోనే వచ్చింది. ఆ లెక్క వేసిన తీరునే తప్పుపడుతూ మరుసటి ఏడాది కొందరు పేరున్న పరిశోధకులు వ్యాసం రాశారన్నది కూడా దాచకుండా చెప్పు. తమ చేతులతో ఒక ఫలితాన్ని రాబట్టలేకపోయిన పిల్లలు ఈ అంకెలు విని "సైకాలజీ అంతా ఉత్తదే" అనరు.

అభ్యసన శైలుల దగ్గర మాత్రం నువ్వు కాస్త గట్టిగా ఉండాలి. దృశ్య, శ్రవణ, చలన రకాలుగా పిల్లలను విడదీసి ఎవరికి తగినట్టు వాళ్లకు బోధించాలని బోధనాభ్యసన శిక్షణలో ఇప్పటికీ చెబుతున్నారు. మూడు గడుల్లో దీన్ని పెట్టి చూడు, మూడో గడి నిండుగా ఉంటుంది, మొదటి రెండూ దాదాపు ఖాళీ. 2008లో హెరాల్డ్ పాష్లర్, మరి ముగ్గురు కలిసి చేసిన సమీక్షలో, శైలికి తగ్గ బోధన వల్ల ఫలితం మెరుగవుతుందని సరైన పద్ధతిలో చూపిన ఆధారం లేదని తేల్చారు. పటం చూపించడం, చేతితో చేయించడం అందరికీ మేలే. నువ్వు వారించాల్సింది, ప్రాథమిక పాఠశాలలో ఒక పిల్లవాడిని "వీడు వినే రకం" అని ముద్ర వేసి అక్షరాలు చూపించడం మానేసే పనిని.

ఎదురుగా పెట్టిన మిఠాయి తినకుండా కాసేపు ఆగితే రెండోది ఇస్తానని పిల్లలకు చెప్పి చూసిన వాల్టర్ మిషెల్ మార్ష్‌మాలో ప్రయోగం చెప్పేటప్పుడు మన పశ్చిమ మండలాలను మర్చిపోకు. ఆగి రెండో మిఠాయి తీసుకున్న పిల్లలే పెద్దయ్యాక రాణిస్తారన్న మాట 2018లో పెద్ద నమూనాతో మళ్లీ చూసినప్పుడు సగానికి సగం బలహీనపడింది, కుటుంబ నేపథ్యాన్ని లెక్కలోకి తీసుకున్నాక ఇంకా తగ్గింది. మాట ఇచ్చిన పెద్దమనిషి అంతకుముందు ఒకసారి మాట తప్పి ఉంటే పిల్లలు ఎక్కువసేపు ఆగరని 2013లో మరో అధ్యయనం చూపించింది. కోసిగి వైపు నుంచి తల్లిదండ్రులు మిరప కోతలకు గుంటూరు వలస వెళ్లే ఇంట్లో పెరిగిన పిల్లవాడు ఎదురుగా ఉన్నది వెంటనే తినేస్తే, దానికి నిగ్రహం లేకపోవడమే కారణమని రాసే టీచరును మనం తయారుచేయకూడదు.

ఇక టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) సంగతి. నీ దగ్గర చదివేవాళ్లలో చాలామంది దాని కోసమే వచ్చారు, అందులో తప్పేమీ లేదు. మనిషి అవసరాలను మెట్లుగా పేర్చిన మాస్లో అవసరాల సోపానం గురించి అడిగితే పుస్తకంలో ఉన్న జవాబే గుర్తించమను. 1943 నాటి ఆయన వ్యాసంలో పిరమిడ్ బొమ్మ లేదన్న సంగతి ఆ పరీక్షలో పనికి రాదు. ప్రశ్న అడిగేది ఫలానా ఆయన ఏమన్నాడు అని కాబట్టి జవాబు ఆయన అన్నదే ఉండాలి, ఆయన అన్నది నిలుస్తుందా అన్నది తరగతి గదిలో తేల్చుకునే విషయం. ఈ రెండింటికీ నోటుబుక్కులో వేర్వేరు పేజీలు పెట్టించు, గందరగోళం రాదు. స్టాఫ్‌రూంలో పెద్దవాళ్లు "పిల్లల్ని అయోమయంలో పడేయకమ్మా" అంటే ఆ నోటుబుక్కు చూపించు, వాదనకు దిగకు.

ఒక్క హెచ్చరిక. జైలు ప్రయోగాన్ని అభినయించి చూపిద్దామని ఎవరైనా ఉత్సాహపడితే ఒప్పుకోకు, ర్యాగింగ్ భయం ఉన్న చోట అది ఆట కాదు. మనసులోని ఆందోళనను కొలిచే ప్రశ్నపత్రాల (వ్యాకులత మాపనుల) లాంటివి చేయించినప్పుడు పేర్లు రాయించకు, సంకేత సంఖ్యలు ఇచ్చి, వచ్చిన స్కోరును తరగతిలో చదవనివ్వకు.

నా దగ్గరున్న ముల్లర్-లయర్ పలకను మీ ఊరి వైపు వచ్చే మా అబ్బాయి చేత పంపుతున్నాను. జరిగే పట్టీ బాగానే కదులుతుంది గానీ వెనక వైపు మిల్లీమీటర్ల గీతలు చాలావరకు చెరిగిపోయాయి. వాడే ముందు కొత్త స్కేలు అతికించుకో, సున్నా సరిగ్గా బాణపు మొన దగ్గరే పడేలా చూసుకో.

ఇట్లు
మీ మాస్టారు