తలకోన టికెట్టు రేటు పెంచితే అడవి బాగుపడుతుందా?

తిరుపతి దగ్గర అడవిలో ఉన్న తలకోన జలపాతం కాడ జనం, చెత్త రెండూ పెరిగిపోయాయి, టికెట్టు రేటు బాగా పెంచేస్తే సరిపోదా అని కదా మీరడిగింది. సరిపోదండీ. మాది భాకరాపేట వైపు, ఉద్యోగం తిరుపతిలో, చిన్నప్పటి నుంచి అక్కడికి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు కాబట్టి చూసిందే చెప్తున్నా.

ముందు నా సంగతి. డిగ్రీలో ఉన్నప్పుడు నలుగురం రెండు బండ్ల మీద పోయేవాళ్ళం, జలపాతం కోసం కాదు, ఇంట్లో తెలీకుండా బీరు తాగడానికి. ఖాళీ సీసా బండకేసి కొట్టి ఆ చప్పుడుకి నవ్వుకునేవాళ్ళం (ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది). టికెట్టు మూడింతలు చేసినా మేం ఆగేవాళ్ళం కాదు, బీరు ఖర్చు ముందు అదెంత? ఆగిపోయేది ఎవరంటే, శివరాత్రికి సిద్ధేశ్వరస్వామి గుడికని పిల్లాజెల్లాతో సద్దిమూట కట్టుకొచ్చే చుట్టుపక్కల పల్లెలవాళ్ళు.

ఇక తిరుమల కొండమీద దర్శనం అయిపోయి, రైలు రాత్రికి కాబట్టి మధ్యలో ఒక పూట గడపడానికి కారు మాట్లాడుకుని వచ్చేవాళ్ళు చాలామంది. అది శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్క్ అనీ, 1989లో ప్రకటించారనీ, దేవాంగపిల్లి, బంగారు బల్లి లాంటివి ఉండే అడవి అనీ వాళ్ళకి చెప్పేవాళ్ళు లేరు. వాళ్ళ లెక్కలో అదొక 270 అడుగుల షవరు, అంతే. ఈ నీళ్ళలో మూలికల గుణం ఉందని నమ్మి స్నానానికొచ్చిన మనిషే అందులో షాంపూ ప్యాకెట్టు చించి తలంటుకోవడం మాత్రం నాకు ఇప్పటికీ అర్థం కాదు. పోయినసారి ఒక రాతి సందులోంచి పదకొండు ప్యాకెట్లు ఏరాను, పన్నెండోది చెయ్యి దూరక వదిలేశా.

రెండేళ్ళ కిందట హైదరాబాద్ నుంచి మా బావావాళ్ళొస్తే, ఈసారి ఊరి కుర్రాణ్ణి ఒకణ్ణి గైడుగా మాట్లాడుకున్నాం. నీళ్ళ దగ్గరికి నేరుగా తీసుకుపోకుండా దారిలో ఒక చెట్టు కింద ఆపి, "పైకి చూడన్నా, ఆ కొమ్మ చీలిక కాడ పుల్లలు కనిపిస్తా ఉండాయే, అది బెట్టుడుత గూడు" అన్నాడు (బెట్టుడుత అంటే అడవుల్లో ఉండే పెద్ద ఉడుత). ఇన్నేళ్ళలో నేనెప్పుడూ తలెత్తి చూడలేదు. తర్వాత గిల్లతీగ చూపించాడు, మూరకి మించిన కాయ. మా మేనల్లుడు కోతికి వేద్దామని చేతిలో పట్టుకున్న చిప్స్ ప్యాకెట్టు, ఎవరూ చెప్పకుండానే, బ్యాగులో పెట్టేశాడు. అంతకుముందు ఐదు నిమిషాలు వాళ్ళమ్మ అరిచినా వినలేదు వాడు! నేరబైలు లాంటి ఊళ్ళ కుర్రాళ్ళకి ఇలా రోజుకూలీ దొరికితే అడవిని వాళ్ళే చూసుకుంటారు, గేటు దగ్గర వసూలు చేసిన డబ్బు ఆ పని చెయ్యలేదు.

జనాన్ని తగ్గించడమే కావాలంటే దానికి తిరుమలలోనే పాత పద్ధతి ఉంది. అక్కడి అడవిలో ఉన్న తుంబురు తీర్థానికి మామూలు రోజుల్లో వదలరు, ఫాల్గుణ పౌర్ణమినాడు ముక్కోటికి, అంటే ఆ తీర్థంలో స్నానం చేసే పండక్కి, వదులుతారు, పాపవినాశనం నుంచి రాళ్ళల్లో నడిచి వెళ్ళాలి. ఆ రోజు చెత్త పడదని కాదు, పడుతుంది. కానీ మిగతా ఏడాది అడవి తేరుకుంటుంది, పైగా అంత నడిచి వెళ్ళేది ఆ స్నానం మీద గురి ఉన్నవాళ్ళే. తలకోనలో అలా మొత్తం మూసెయ్యలేరు, గుడి ఉంది, పల్లెలున్నాయి. కనీసం వానాకాలం ఆదివారాలు ఇన్ని బండ్లకి మించి వదలం అనొచ్చు కదా.

మీరు వెళ్తే మాత్రం వారం మధ్యలో వెళ్ళండి, గైడుని అడగండి, పులిహోర స్టీలు క్యారియరులో పట్టుకెళ్ళండి. కవరు చేతిలో కనిపిస్తే కోతులు లాక్కుపోతాయి, ఆ తర్వాత ఆ కవరు ఏ చెట్టు మీద చిక్కుకుందో వెతకడం మన వల్ల కాదు.