ఇంత పేదరికంలో నా ఒక్కడి సాయం ఏ మూలకి?

మీరు అడిగినవి మూడు. క్రైస్తవుడికి ప్రార్థన, వాక్యం ఉంటే చాలదా? పేదలకు సాయం చేయడం కూడా విశ్వాసంలో భాగమైతే, లోకంలో ఉన్న ఇంత లేమికి నేనిచ్చేది ఏ మూలకి వస్తుంది? అసలు ఎంత ఇవ్వాలి?

మొదటిదానికి యాకోబు పత్రిక రెండో అధ్యాయం చదివితే సరిపోతుంది. బట్టల్లేక, ఆ పూట తిండి లేక నిలబడ్డవాడికి ఏమీ ఇవ్వకుండా, క్షేమంగా వెళ్లు, కడుపు నింపుకో అని మాటలు చెప్పి పంపితే ఏం లాభం అంటాడాయన. నేను చాన్నాళ్లు అదే చేశాను. కాకపోతే చివర్లో ఆమెన్ చేర్చేవాణ్ని.

రెండోదే నన్ను ఏళ్ల తరబడి తిప్పింది. మనసు కదిలితే ఇచ్చే రకాన్ని. వార్తల్లో భూకంపం చూస్తే ఆ రాత్రే డబ్బు పంపేవాణ్ని, వారం తిరక్కుండా మర్చిపోయేవాణ్ని. ఒకసారి కూర్చుని లెక్క తీస్తే ఏడాదిలో ఏడు నెలలు ఖాళీ. ఆ ఏడు నెలలూ ఎవరి ఆకలీ సెలవు తీసుకోలేదు కదా!

నన్ను మార్చింది 1 కొరింథీ 16:2. గోడకు తగిలించుకునేంత అందమైన వచనమేం కాదు. ప్రతి ఆదివారం ఎవరి రాబడిని బట్టి వాళ్లు కొంత తీసి పక్కన పెట్టండి, నేను వచ్చాక వసూళ్లు పెట్టుకోవద్దు అంటాడు పౌలు. ఆ డబ్బు యెరూషలేములోని పేద విశ్వాసులకు. ఇచ్చేవాళ్లు సముద్రం అవతల, గ్రీసు వైపున్న అకయలో, మాసిదోనియలో. తీసుకునేవాళ్ల ముఖం కూడా చాలామంది చూసి ఉండరు. లేవీయకాండము 19లోనూ ఇదే పద్ధతి: పొలం అంచుల దాకా కోయకు, పరిగె ఏరుకోకు, అవి పేదలకూ పరదేశులకూ వదిలేయి. కొడవలి పట్టకముందే తేలిపోయిన వాటా అది, మిగిలితే చూద్దాం అనేది కాదు.

అందుకే జీతం పడిన మర్నాడే నా ఖాతా నుంచి కొంత దానంతటదే వెళ్లిపోయేలా పెట్టాను. మధ్యలో ఉద్యోగం పోయి ఐదు నెలలు ఇంట్లో కూర్చున్నాను. అప్పుడు ఆపలేదు గానీ బాగా తగ్గించాను. సిగ్గేసింది. "రాబడిని బట్టి" అన్న మాటే ఆ రోజుల్లో కాస్త ఊరట.

ఇంకో సంగతి చెప్పాలి. ఒకసారి మా సంఘం దుప్పట్లు పంచింది, ఫోటోలు తీసే పని నాది. ఒక పెద్దావిడ దుప్పటి అందుకుంది. నేను ఫోన్ ఎత్తగానే మడత విప్పని ఆ దుప్పటినే ముఖానికి అడ్డం పెట్టుకుంది. "ఒక్క నిమిషం అమ్మా, ఇటు చూడండి" అన్నాను. దించలేదు. ఆ ఫోటోలో దుప్పటి, దాన్ని పట్టుకున్న వేళ్లు, అంతే. మత్తయి 25లో రాజు, వీళ్లకు చేసింది నాకు చేసినట్టే అంటాడు. ఆ లెక్కన నేను ఇటు చూడమని బలవంతపెట్టింది ఎవరిని? ఆ తర్వాత మేము పంపకాల దగ్గర ఫోన్లు తీయడం మానేశాం.

అలాగని ఇచ్చేసి కళ్లు మూసుకోమనను. తన మీద ఎవరూ వేలెత్తకూడదనే పౌలు ఆ యెరూషలేము కానుక విషయంలో సంఘాలు ఏర్పరచిన మనిషిని వెంట పెట్టుకున్నాడు (2 కొరింథీ 8). నేను ఒక చోట ఆడిట్ లెక్కలు అడిగితే "దేవుడికిచ్చారు బ్రదర్, లెక్కలెందుకు" అన్నారు. డబ్బు సంచి, యేసును పట్టించిన యూదా చేతిలోనే ఉండేదని యోహాను రాసింది ఊరికే కాదనిపించింది. మర్నెల నుంచి వేరే సంస్థకు మార్చాను.

ప్రపంచ బ్యాంకు 2025లో వేసిన లెక్క ప్రకారం రోజుకు 3 డాలర్ల లోపు బతికేవాళ్లు 80 కోట్ల పైమాటే. నా డబ్బుతో ఆ అంకె కదలదు, నిజమే. పొలం అంచు వదిలిన రైతు కూడా ఊరి పేదరికం తీరిందా అని లెక్క చూసుకుని ఉండడు.

ఇక ఎంత అంటారా, నేను రెండు శాతంతో మొదలుపెట్టాను. దశమభాగం, అంటే రాబడిలో పదో వంతు సంగతి మీ పాస్టర్ గారితో తర్వాత తేల్చుకోండి. ముందు మీరు తట్టుకోగలిగే అంకె ఒకటి రాసుకుని, ఆర్నెల్లు పెంచకుండా, ఆపకుండా నడిపి చూడండి.