పట్టిక వేసే ముందు

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

అన్ని కాలాల బేస్‌బాల్ ఆటగాళ్లలో ఎవరు గొప్పో వరస పెడుతూ నువ్వు పంపిన పట్టిక చూశాను. హోమ్ రన్‌ల (మన క్రికెట్ సిక్సర్‌లాంటి దెబ్బల) లెక్కన బాండ్స్ 762, ఆరన్ 755, రూత్ 714 అని పేర్చి చేతులు దులుపుకున్నావు. ఆ మాత్రానికి నువ్వెందుకురా, కంప్యూటర్ చాలదూ?

బోస్టన్ వచ్చిన కొత్తలో నేనూ ఇదే తప్పు చేశాను. ఊరంతా నెత్తిన పెట్టుకునే కార్ల్ యస్త్రెమ్‌స్కీ 1968లో 0.301 సగటుతోనే (అంటే పది ప్రయత్నాలకు మూడు హిట్లు) రెండు పెద్ద లీగుల్లో ఒకటైన అమెరికన్ లీగ్ బ్యాటింగ్ కిరీటం గెలిచాడని విని నవ్వాను. 1930లో రెండోదైన నేషనల్ లీగ్ మొత్తం సగటే 0.303 మరి! పక్కనున్న ముసలాయన ఒక్కటే అడిగాడు: ఆ ఏడు మిగతావాళ్లు ఎంత కొట్టారని. వెతికితే లీగ్ సగటు 0.230. పిచర్ (బంతి విసిరేవాడు) నిలబడే మట్టిదిబ్బ అప్పట్లో 15 అంగుళాల ఎత్తు. ఆ ఏడాది పిచర్ల ధాటికి బ్యాటర్లు కుదేలైతే, మరుసటి ఏడు దాన్ని 10 అంగుళాలకు దించారు. ఇప్పుడు 1930లో 0.401 కొట్టిన బిల్ టెర్రీని తీసుకో. ఎవరి సగటును వాళ్ల లీగ్ సగటుతో భాగించు. టెర్రీకి 1.32, యస్త్రెమ్‌స్కీకి 1.31. కొండంత కనిపించిన తేడా వెంట్రుకవాసికి దిగింది.

ముందు ఆటగాణ్ణి అతని ఏడాదిలోనే తూచు. రూత్ గొప్పతనం నాకు 714లో కన్నా 1920లో కనిపిస్తుంది: అతను 54 హోమ్ రన్‌లు కొడితే, తరవాతి స్థానంలో ఉన్న జార్జ్ సిస్లర్ కొట్టినవి 19.

టెడ్ విలియమ్స్‌కు సైన్యంలో దాదాపు ఐదు సీజన్లు పోయాయి. అతని 521 హోమ్ రన్‌లకు ఊహించినవి కలపకు. పోయిన ఏళ్లను పక్కన రాసిపెట్టు, చాలు.

ఇప్పటికీ నన్ను తిప్పలు పెట్టేవాడు నల్లజాతి బ్యాటర్ జోష్ గిబ్సన్. రూత్ ఆడిన రోజుల్లో నల్లజాతి వాళ్లను పెద్ద లీగుల్లోకి రానివ్వలేదు. లీగ్ ఆటల్లో రూత్‌కు నల్లజాతి మేటి పిచర్ సాచెల్ పేజ్ ఎదురుపడనే లేదు, అతని అంకెల్లో ఆ తరుగు ఉంది. గిబ్సన్ 1947 జనవరిలో 35 ఏళ్లకే పోయాడు. ఆ అడ్డుగోడను బద్దలుకొట్టిన జాకీ రాబిన్సన్ పెద్ద లీగు మైదానంలో దిగింది ఆ ఏప్రిల్‌లో. 2024లో నల్లవాళ్లు విడిగా ఆడిన నీగ్రో లీగుల లెక్కలను అధికారికంగా కలిపాక, గిబ్సన్ 0.372 జీవితకాల సగటుతో అప్పటిదాకా అగ్రస్థానంలో ఉన్న టై కాబ్ 0.367ను దాటాడు. అయితే ఆ లీగుల సీజన్లు చిన్నవి, నమోదైన ఆటలూ తక్కువే. అందుకే నా నోటుపుస్తకంలో అతన్ని రూత్‌కు పైనా పెట్టలేదు, కిందా పెట్టలేదు. అదే వరసలో పక్కన రాశాను. నువ్వెక్కడ రాస్తావో, పట్టిక మార్చి పంపు.

మీ మామయ్య