స్నిచ్ పట్టినా బల్గేరియా ఎందుకు ఓడింది?

స్నిచ్ అనే చిన్న బంగారు బంతిని పట్టుకున్న జట్టే గెలవాలి కదా, హ్యారీ పాటర్ కథల్లో చీపుర్లపై ఎగురుతూ ఆడే క్విడిచ్ ఆట 1994 ప్రపంచకప్ ఫైనల్లో బల్గేరియా ఐర్లాండ్ చేతిలో ఎలా ఓడిందని అడిగారు. స్కోరులో తప్పేమీ లేదండి. స్నిచ్ పడితే ఆట ముగుస్తుంది, 150 పాయింట్లు వస్తాయి, అంతే. గెలుపు మాత్రం మొత్తం పాయింట్లను బట్టే.

క్వాఫిల్ అనే పెద్ద బంతితో వేసే ఒక్కో గోల్‌కు 10 పాయింట్లు. బల్గేరియా సీకర్ (స్నిచ్ పట్టే ఆటగాడు) క్రమ్ స్నిచ్ పట్టేముందు ఐర్లాండ్ 170, బల్గేరియా 10. అంటే తేడా 160. అతను తెచ్చిన 150 కలిపినా 160 దగ్గరే ఆగారు. ఇంకొక్క గోల్ ఉంటే స్కోరు సమమయ్యేది!

మరి అప్పుడే ఎందుకు పట్టాడంటారా? గోల్స్ వేసే ఐర్లాండ్ ఛేజర్లు ట్రాయ్, ముల్లెట్, మొరాన్‌లను ఆపడం బల్గేరియా వల్ల కాలేదు. ఆలస్యమైనకొద్దీ తేడా ఇంకా పెరిగేది. పైగా ఐర్లాండ్ సీకర్ లించ్ కూడా స్నిచ్ వైపే దూసుకెళ్తున్నాడు. ఆటగాళ్లను ఢీకొట్టే బ్లడ్జర్ బంతి తగిలి ముఖం రక్తమోడుతున్నా క్రమ్ పట్టు వదల్లేదు. నా దృష్టిలో అది చాలా ధైర్యమైన నిర్ణయం.

ఇకనుంచి ఏ మ్యాచ్ చదివినా ముందు తేడా చూడండి. వెనకబడ్డ జట్టుకు అది 150 కంటే తక్కువైతే స్నిచ్‌తో గెలుపు, సరిగ్గా 150 అయితే సమం, అంతకు మించితే ఓటమే. అందుకే అలాంటప్పుడు సీకర్ ఆగాలి, ఛేజర్లు గోల్స్ వేయాలి.