పిల్లలు ఏ ప్రశ్నకి జవాబు చెబుతున్నారు?

ప్రశ్న: మా బాబుకి ఏడేళ్లు. బడి నుంచి రాగానే "ఇవాళ ఎలా గడిచింది?" అని అడిగితే "బానే ఉంది" అంటాడు, అంతే. గుచ్చి గుచ్చి అడిగితే విసుక్కుంటాడు. రాత్రి లైటు ఆపాక మాత్రం ఉన్నట్టుండి కబుర్లు మొదలుపెడతాడు. అప్పటికి నాకు నిద్ర ముంచుకొస్తుంటుంది. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ ప్రశ్న సంగతి చూద్దాం. ఆరేడు గంటల రోజుని ఒక్క ముక్కలో తేల్చమంటున్నారు. "ఆఫీసులో ఎలా ఉంది?" అని ఎవరైనా అడిగితే మనమూ "మామూలే" అనే అంటాం కదా. మీ ప్రశ్నకి బాబు సరిపడా జవాబే ఇస్తున్నాడు. ప్రశ్నని చిన్నది చేయండి. "ఇవాళ నీ పక్కన ఎవరు కూర్చున్నారు?", "ఆటల పీరియడ్‌లో ఏం ఆడారు?" లాంటిది ఒక్కటి అడిగితే చాలు, మిగతాది వాడే అందుకుంటాడు. ఒకేసారి నాలుగు అడిగితే అది విచారణ అయిపోతుంది.

రెండోది, ఆగడం. టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు 1970లలో చూపించారు. ఆ సెకను దాటితే ప్రశ్న మళ్లీ అడిగేస్తారు, లేదా జవాబు తామే చెప్పేస్తారు. 3 సెకన్లు ఆగడం అలవాటు చేశాక పిల్లల జవాబులు పొడవయ్యాయి, "తెలీదు" అనడం తగ్గింది, వాళ్లే ఎదురు ప్రశ్నలు వేయడం పెరిగింది. ఆగాల్సింది రెండు చోట్ల: మనం అడిగాక ఒకసారి, వాడు మాట ఆపాక ఇంకోసారి. ఈ రెండోదే చాలామంది మర్చిపోతారు. మనసులో మూడు అంకెలు లెక్కపెట్టుకోండి. మొదట్లో ఆ మూడు సెకన్లూ చాలా పొడుగ్గా అనిపిస్తాయి. అసలు సంగతి చాలాసార్లు ఆ మౌనం తర్వాతే వస్తుంది.

ఇక రాత్రి కబుర్లు. చీకట్లో ఎవరి మొహమూ కనబడదు, వెంటనే చేయాల్సిన పనీ ఉండదు, అందుకే నోరు విప్పుతాడు. లైటు ఓ పావుగంట ముందే ఆపేయండి. పగలైతే ఎదురుగా కూర్చోబెట్టకుండా, పక్కపక్కన బట్టలు మడతపెడుతూనో నడుస్తూనో మాట్లాడండి. "ఎందుకలా చేశావ్?" అనే మాట మానండి. పిల్లలు దాన్ని ఎక్కువగా వినేది తిట్లు పడేటప్పుడే. "అప్పుడేమైంది?" అంటే కథ ముందుకు సాగుతుంది.

ప్రశ్న: నేను చిన్న పిల్లలకి పాఠాలు చెబుతాను. లెక్క సరిగ్గా చేసిన పిల్ల కూడా "నిజమేనా? ఇంకోసారి చూడు" అంటే జవాబు మార్చేస్తుంది. ఆత్మవిశ్వాసం లేకనా?

జవాబు: ఆత్మవిశ్వాసం కన్నా ముందు మీ రెండో ప్రశ్నని చూడండి. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త జాఁ పియాజే పరీక్ష ఒకటుంది. ఒకే రకం గ్లాసులు రెండింటిలో సమానంగా నీళ్లు పోసి "రెండిట్లో ఒకేలా ఉన్నాయా?" అని అడుగుతారు. పిల్ల అవునంటుంది. ఒక గ్లాసులోని నీళ్లని ఆమె ముందే సన్నటి పొడుగు గ్లాసులోకి వంపి, మళ్లీ అదే ప్రశ్న వేస్తారు. నాలుగైదేళ్ల పిల్లలు ఎక్కువగా "పొడుగు దాంట్లోనే ఎక్కువ" అంటారు. గ్లాసు మారినా నీళ్లు అంతే ఉంటాయని ఆ వయసుకి ఇంకా అర్థం కాదని పియాజే తేల్చారు.

1974లో సూసన్ రోజ్, మారియన్ బ్లాంక్ అనే పరిశోధకులు ఇలాంటి పరీక్షనే, సమానంగా వస్తువులున్న రెండు వరసల్లో ఒకదాని పొడవు మార్చి, ఒక్క తేడాతో చేశారు. మొదటి ప్రశ్న తీసేసి, వరస మార్చాక మాత్రమే అడిగారు. ఆరేళ్ల పిల్లలు చేసే తప్పులు తగ్గాయి. ఇందులో పిల్లల తర్కం తెలుస్తుంది: పెద్దవాళ్లు కావాలని ఏదో మార్చి, అదే ప్రశ్న మళ్లీ అడిగారంటే ముందు చెప్పింది చెల్లలేదన్నమాట. మనుషుల మాటతీరు ఎరిగినవాళ్లు చేసే ఊహే అది. మనస్తత్వ శాస్త్రవేత్త మార్గరెట్ డొనాల్డ్‌సన్ బృందమైతే వరసని ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మ పొరపాటున చెదరగొట్టినట్టు చూపించింది. అప్పుడూ సరైన జవాబులు పెరిగాయి.

కాబట్టి తరగతిలో ప్రశ్న ఒక్కసారే అడగండి. పిల్ల ఎలా చేసిందో తెలుసుకోవాలంటే "ఎలా చేశావో నాకు చూపించు" అనండి. ఈ మాట జవాబు తప్పయినప్పుడే అంటే వారంలోపే గుట్టు పట్టేస్తారు. సరైన జవాబులకీ అనండి. ఇంకో జాగ్రత్త: అర్థంలేని ప్రశ్నకీ పిల్లలు మర్యాదగా జవాబిస్తారు. "ఎరుపు బరువా, పసుపు బరువా?" అని పరిశోధకులు అడిగితే ఐదేళ్ల, ఏడేళ్ల పిల్లలు చాలామంది ఏదో ఒకటి ఎంచుకుని చెప్పారు. ప్రశ్న అర్థం కాకపోతే "అర్థం కాలేదు" అనొచ్చని మీరే ముందుగా చెప్పి ఉంచాలి.

ప్రశ్న: మూడేళ్ల మనవరాలు "నిన్న పడ్డాను" అంటుంది. నిన్న పడనే లేదు. అబద్ధాలు ఇంత చిన్నప్పుడే మొదలవుతాయా?

జవాబు: కంగారు పడకండి. ఆ వయసులో "నిన్న" అంటే గడిచిపోయిన ఏ రోజైనా కావొచ్చు. పోయిన నెల సంగతీ కావొచ్చు. "ఎప్పుడు?" అనకుండా "ఎక్కడ పడ్డావమ్మా? అక్కడ ఎవరున్నారు?" అని అడగండి. "మెట్ల మీద పడ్డావు కదూ?" అని మాట అందించకండి. మూడేళ్ల పిల్లలు అలాంటి ప్రశ్నలకి సులువుగా "ఊఁ" కొట్టేస్తారు. అక్కణ్ణుంచి ఏది తన జ్ఞాపకమో, ఏది మీరు చెప్పిందో విడదీయడం కష్టం.

ప్రశ్న: ముచ్చటగా ఉంటాయన్నమాటే గానీ, చిన్నపిల్లల మాటల్లో పెద్దలు నేర్చుకునేది నిజంగా ఏముంటుంది?

జవాబు: చాలా ఉంది. మూడేళ్ల పిల్ల "ఇల్లులు" అందనుకోండి. ఆ మాట మీరెవరూ ఇంట్లో అనరు. బొమ్మ–బొమ్మలు, కాయ–కాయలు విని, చివర "లు" చేరిస్తే బోలెడు అవుతాయన్న సూత్రాన్ని తనే పట్టుకుంది. "ఇళ్లు" అని మీరు వ్యాకరణం ఆలోచించకుండా వాడుతున్నారు. అందులో ఒక మెలిక ఉందని చూపించింది ఆ పిల్ల. తప్పు దిద్దే తొందరలో ఇది వినబడదు. "అవును, ఎన్ని ఇళ్లో!" అని మాట కలిపితే చాలు.

"చార్జర్ కుయ్‌మంటోంది" అని పిల్లలంటే కొట్టిపారేయకండి. వయసు పెరిగేకొద్దీ సన్నటి, హెచ్చు స్థాయి శబ్దాలు వినబడటం ముందుగా తగ్గుతుంది. మీకు వినబడనంత మాత్రాన అది లేనట్టు కాదు. ప్లగ్గు తీసి, "ఇప్పుడో?" అని అడిగి చూడండి.

2014లో మనస్తత్వ శాస్త్రవేత్త అలిసన్ గోప్నిక్ తదితరులు ప్రచురించిన ప్రయోగం ఇంకా ఆసక్తికరం. వస్తువులు పెడితే వెలిగే పెట్టె ఒకటి ఇచ్చారు. ఒక్కొక్కటీ విడిగా పనిచేయకుండా, రెండు కలిపితేనే వెలిగే పద్ధతిని నాలుగైదేళ్ల పిల్లలు పెద్దలకన్నా బాగా పట్టుకున్నారు. "ఏదో ఒక్కటే కారణం" అన్న పాత అలవాటు పెద్దల్ని ఆపింది. ఇంట్లో ఏదైనా పాడైనప్పుడు పిల్లలు చెప్పే వింత ఊహని, ప్రమాదం లేనిదైతే, ఒక్కసారి చేసి చూడండి.

ప్రశ్న: అభిప్రాయం అడిగితే, వాళ్లు కోరింది చేయక తప్పదు కదా?

జవాబు: తప్పనిసరి కాదు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం కూడా పిల్లలకి సంబంధించిన విషయాల్లో వాళ్ల మాట వినాలని, వయసుకీ పరిణతికీ తగ్గ విలువ ఇవ్వాలని చెబుతుంది. తుది నిర్ణయం వాళ్లదేనని అనదు. ముందే నిర్ణయించేసిన విషయమైతే అసలు అడగకండి. అడిగితే మాత్రం మర్నాటిలోగా, "నువ్వు చెప్పినవాటిలో ఇది చేస్తున్నాం, అది చేయలేం, కారణం ఇదీ" అని వాళ్ల మాటల్నే వాడి చెప్పండి.