అరికాళ్ల మంటకు డిప్రెషన్ మాత్రా?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. పదిహేనేళ్లుగా షుగర్, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. రాత్రి నడుం వాలిస్తే చాలు, అరికాళ్లు భగభగ మండుతాయి. దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు. డాక్టరుగారు అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు రాశారు. మందుల షాపులో అది డిప్రెషన్ మాత్ర అన్నారట. ‘నాకేమన్నా పిచ్చా?’ అంటూ నాలుగు రోజులకే మానేశారు. ఆ నాలుగు రోజులూ మంట తగ్గలేదు, నోరు మాత్రం పిడచకట్టుకుపోయింది. మళ్లీ వాడించమంటారా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: డాక్టరుగారితో మాట్లాడి మళ్లీ మొదలుపెట్టించండి. డిప్రెషన్‌కైతే ఈ మందు సాధారణంగా రోజుకు 75 నుంచి 150 మిల్లీగ్రాములు కావాలి. పది మిల్లీగ్రాములు రాశారంటేనే అది నరాల కోసమని అర్థం. ఈ మాట మీ నాన్నగారికి చెప్పి చూడండి.

షుగర్‌తో దెబ్బతిన్న నరాలు పాదంలో పుండూ వాపూ లేకపోయినా నొప్పి కబుర్లు పంపుతూనే ఉంటాయి. వాటిని వెన్నుపాము దగ్గరే అణచడానికి మెదడు నారడ్రినలిన్, సెరటోనిన్ అనే రసాయనాలను వాడుకుంటుంది. అవి త్వరగా ఖర్చైపోకుండా ఈ మాత్ర కాపాడుతుంది. డిప్రెషన్ లేనివారికీ పనిచేసేది అందుకే. అలాగని డిప్రెషన్ మాత్రలన్నీ ఇలా పనికిరావు. సెరటోనిన్‌ను మాత్రమే పెంచే ఫ్లూఆక్సెటిన్ లాంటివాటితో మంట అంతగా తగ్గదు. ఇక డైక్లోఫెనాక్ లాంటి మామూలు నొప్పి మాత్ర ఈ మంటను పెద్దగా తగ్గించదు, పైగా షుగర్ ఉన్నవారి కిడ్నీలకు చేటు.

నాలుగు రోజుల్లో తేలే మందు కాదిది. గుణం కనబడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. పడుకునేముందు కాకుండా రాత్రి ఎనిమిదింటికే వేసుకుంటే పొద్దున మత్తు తక్కువ. వారం పది రోజులకోసారి డాక్టరు 10 చొప్పున పెంచుతారు, చాలామందికి 25–50 మధ్య సరిపోతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలు సరిగా వాడినా మార్పు లేకపోతే మందు మార్చాలి. మంట పూర్తిగా పోతుందని ఆశపెట్టకండి. సగం తగ్గి రాత్రి నిద్ర పట్టిందంటే మందు పనిచేసినట్లే.

నోరెండటం కొన్నాళ్లకు కొంత సర్దుకుంటుంది. మలబద్ధకానికి నీళ్లు, పీచు పెంచాలి. రాత్రి మూత్రానికి లేచేటప్పుడు తల తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి మంచం అంచున కాసేపు కూర్చుని లేవమనండి. ప్రొస్టేట్ వాపుతో మూత్రం ఆగి ఆగి వస్తున్నా, కంట్లో ఒత్తిడి పెరిగే గ్లకోమా ఉన్నా, గుండెజబ్బు ఉన్నా ముందే చెప్పాలి. ఈ వయసులో మొదలుపెట్టేముందు ఈసీజీ తీయించడం మంచిది. ట్రమడాల్ అనే నొప్పి మందు కూడా వాడుతుంటే దాచొద్దు, రెండూ కలిస్తే వణుకు, జ్వరం, ఫిట్స్ దాకా వెళ్లవచ్చు.

ఒకసారి బి12 పరీక్ష కూడా చేయించండి. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడితే బి12 తగ్గి, ఇదే రకం తిమ్మిర్లు, మంటలు రావచ్చు.

ప్రశ్న: ఇవే మంటలకు డులాక్సెటిన్ 30 ఇచ్చారు. క్యాప్సూల్ మింగలేక విప్పి మజ్జిగలో కలిపి తాగుతున్నాను. వికారంగా ఉంటోంది, ఆపేయనా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: విప్పకండి. లోపలి గుళికలకు కడుపులోని ఆమ్లం తగలకుండా పూత ఉంటుంది. అది చెడితే మందు పేగుల్లోకి చేరకముందే పాడవుతుంది. మింగడం నిజంగా కష్టమైతే మందు మార్చమని అడగండి. వికారం మొదటి వారం రెండు వారాలు చాలామందికి ఉండేదే, భోజనం తర్వాత వేసుకుంటే తగ్గుతుంది. వారం తర్వాత సాధారణంగా 60 చేస్తారు, అంతకు మించితే ఈ మంటకు అదనపు లాభం దాదాపు లేదు. లివర్ జబ్బున్నా, రోజూ మద్యం తాగే అలవాటున్నా ఈ మందు పనికిరాదు, ఉంటే వెంటనే డాక్టరుకు చెప్పండి. కొన్ని వారాలు వాడాక ఉన్నట్టుండి ఆపితే తల తిరుగుతుంది, తలలో కరెంటు షాక్ కొట్టినట్లుంటుంది. కనీసం రెండు వారాల్లో మెల్లగా తగ్గిస్తూ, డాక్టరు చెప్పినట్లే ఆపాలి.