తీర్పు చెప్పవలసిన వేళ తప్పుకున్న న్యాయమూర్తి

న్యాయమూర్తి పదవిలో ఉన్నవారు నేరుగా చట్టసభకు వెళ్ళడం సబబేనా అన్న ప్రశ్న ఉంది. వెళ్ళడంలో తప్పు లేదు, ఏ సమయంలో వెళ్ళారన్నదే చూడాలని జిల్లా కోర్టులో చిరకాలం ప్రాక్టీసు చేసిన నా అభిప్రాయం. ఇందుకు నాకు తోచే ఉదాహరణ పంతొమ్మిదో శతాబ్దపు అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి డేవిడ్ డేవిస్.

మా అబ్బాయి ఉద్యోగం చేస్తున్న ఇల్లినాయ్‌లోని బ్లూమింగ్టన్ ఆయన ఊరు. 1836లో అక్కడ స్థిరపడిన ఆయన రాష్ట్ర శాసనసభ్యుడై, 1848 నుంచి సర్క్యూట్ జడ్జిగా ఊరూరా తిరిగి కేసులు విన్నారు. ఆయన ఎదుట వాదించిన వకీళ్ళలో లింకన్ ఒకరు. 1860లో లింకన్‌కు రిపబ్లికన్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిత్వం సాధించిపెట్టింది డేవిస్ అయితే, 1862లో ఆయనను సుప్రీంకోర్టుకు నియమించింది లింకన్. అయినా 1866లో మిలిగన్ కేసులో, పౌర న్యాయస్థానాలు పనిచేస్తున్న చోట పౌరులను సైనిక కమిషన్లు విచారించరాదని లింకన్ ప్రభుత్వ చర్యనే తప్పుపడుతూ తీర్పు రాశారు.

అంతటి ధైర్యశాలి 1877లో వెనకడుగు వేశారు. 1876 అధ్యక్ష ఎన్నికలో డెమొక్రటిక్ అభ్యర్థి టిల్డెన్‌కు 184 ఎలక్టోరల్ ఓట్లు (అధ్యక్షుణ్ణి ఎన్నుకునే రాష్ట్రాల ప్రతినిధుల ఓట్లు) రాగా, గెలుపునకు ఒక్కటి తక్కువైంది. మరో 20 ఓట్లు వివాదంలో పడ్డాయి. వాటిని తేల్చడానికి పదిహేనుగురితో కమిషన్ ఏర్పడుతుండగా, ఏ పార్టీకీ చెందని పదిహేనో సభ్యుడు డేవిసేనని అందరూ అనుకున్నారు. సరిగ్గా అప్పుడే ఇల్లినాయ్ శాసనసభలో టిల్డెన్ పార్టీ వారే ఇతరులతో కలిసి ఆయనను అమెరికా చట్టసభలోని ఎగువ సభ అయిన సెనేట్‌కు ఎన్నుకున్నారు. అదే కారణంగా ఆయన కమిషన్‌లో కూర్చోనన్నారు. ఆ స్థానంలోకి రిపబ్లికన్ అయిన జస్టిస్ బ్రాడ్లీ రాగా, 8–7 తేడాతో వివాదంలో ఉన్న ఓట్లన్నీ రిపబ్లికన్ అభ్యర్థి హేస్‌కు దక్కి, ఆయనే అధ్యక్షుడయ్యారు.

నా కక్షిదారు ఒకరి భూమి తగాదాలో వాదనలన్నీ ముగిసి తీర్పు వెలువడవలసిన దశలో న్యాయమూర్తికి బదిలీ అయింది. కొత్తవారి ముందు మళ్ళీ మొదటి నుంచి వాదించవలసి వచ్చింది. బదిలీ ఆయన కోరుకున్నది కాదు కనుక నిందించలేదు. డేవిస్‌కు మాత్రం సెనేట్ పదవిని వద్దనే స్వేచ్ఛ ఉంది.

ఆయన కూర్చున్నా హేస్‌కే ఓటు వేసేవారని కొందరు వాదిస్తారు. వేయనివ్వండి, ఏ పార్టీకీ చెందని వ్యక్తి వేసిన ఓటుతో ఓడి ఉంటే, హేస్‌ను మోసపు అధ్యక్షుడని ఎద్దేవా చేసే అవకాశం టిల్డెన్ పక్షానికి ఉండేది కాదు.